శాక

దెగ్లూరుల బస్సు దిగి ఆమె అడిగిన మొదటి మాట:
"మీ ఊర్ల అందరికన్న పాడు భూమి ఎవరిది?"
చాయ్ హోటల్ల పదిమంది నవ్వి
పది వేళ్లు నా దిక్కే చూపిండ్రు.

డాక్టర్ కుముదిని యెన్నవార్. యూనివర్సిటీల ద్రాక్ష చదువు.
ఇంటిపేరు చివర ఆ 'వార్' మా 'వారే',
సరిహద్దు దాటేకాడ కొమ్ము రాలిపోయింది.
మరాఠీల మొదలుపెట్టి తెలుగుల తిట్టేది.

గుట్ట కింద మొరం. జొన్న గూడ సిగ్గుపడి మొలిచే నేల.
అన్నదమ్ముల పంపకంల నల్లరేగడి వాళ్లకు పోంగ
నాకు మిగిలిన రాళ్లు.
ఆమె పిడికెడు తీసి వాసన చూసింది,
నాలుక మీద ఇంత పెట్టుకున్నది.
"నల్లభూమిల తీగ బలుస్తది, పండు నీళ్లు నీళ్లయితది.
దీనికి ఆకలి ఉండాలె" అన్నది.
ఆకలి గురించి నాకొకరు పాఠం చెప్పుడు
అదే మొదలు.

పన్నెండు రకాలు తెచ్చింది. పేర్లు నా నోటికి తిరగలే,
నంబర్లు పెట్టినం.
మూడు అక్టోబరు కత్తిరింపుకే సచ్చింది.
ఏడు, ఎనిమిది బూజుకు పోయినయి.
పదకొండు ఒక్క గుత్తి ఏసింది, అది గువ్వలకు.
ప్రతి చావును నోట్‌బుక్‌ల ఎక్కించేది
తారీఖుతోని, చినుకుల లెక్కతోని.
మా పంచాయతీ మరణాల రిజిస్టర్ గూడ
అంత శుద్ధంగ ఉండదు.

చక్కెర చూసే చిన్న దుర్భిణి ఒకటి నా మెడల ఏసింది,
తులసిమాల పక్కన.
నేను వార్కరిని. ఆషాఢంల పండరికి నడిచేటోన్ని.
నాయిన తాగి తాగే పోయిండు.
ఒకనాడు అడిగిన, "మేడం, ఇది సారాయి పంటే గదా?"
ఆమె కత్తెర ఆపలే.
"అవును."
ఇంకేమన్న చెప్తదేమోనని పొద్దుగూకేదాక చూసిన.
చెప్పలే.
మర్వారం మాత్రం కిస్‌మిస్ మొక్కలు నాలుగు తెచ్చి
గట్టు మీద నాటింది.
"ఇవి నీ ఇఠ్ఠలునికి."

ఐదో ఏడు మార్చిల రాళ్లవాన.
పావుగంట.
తెల్లారి మొదటి బస్సుకే వచ్చింది. ఓదార్చలే.
రాలిన గుత్తులు ఏరి నంబర్లవారీగ తూకం ఏస్తున్నది.
పీనుగను తూచినట్టనిపించి
తక్కెడ గుంజుకొని ఇసిరికొట్టిన.
పోయి తెచ్చుకున్నది. మన్ను తుడిచింది.
"తొమ్మిదోదానికి తోలు మందం. సగం నిలిచింది, చూడు."

ఇయ్యాల గుట్ట చుట్టు నలభై ఎకరాలు, అన్ని తొమ్మిదే.
ఆ పది వేళ్లల్ల ఏడు
ఇప్పుడు తీగలు కడ్తున్నయి.
నాసిక్ లారీ నడిరాత్రి వస్తది, సల్లగున్నప్పుడే కోయాలె.
గింజ కొరికి చూస్త:
పచ్చి పల్లీ లెక్కుంటే ఆగాలె,
ఏంచిన పల్లీ లెక్క పటుక్కుమంటే కత్తెర పట్టాలె.
దుర్భిణి కన్న ముందు పంటికే ఎరుక.
ఈ ముచ్చట ఆమె పుస్తకంల ఎక్కింది.
నా పేరు ఎక్కలే. 'రైతు-4' అని ఉన్నదట.
ఒకటి, రెండు, మూడు ఎవరో
నేను అడగలే.

మొన్న మొదటి సీసా తెచ్చింది, రిటైరయ్యే నెల.
గట్టు మీద కూసొని గ్లాసుల ఇంత పోసి
ఎండకు పట్టి, వాసన పీల్చి, పుక్కిలించి
ఉమ్మేసింది.
తొమ్మిదేండ్ల కష్టం! నా గుండె జల్లుమన్నది.
"మింగరా మేడం?"
"నేను తాగ. పరీక్ష చేస్త, అంతే."

మొరం మీద ఎర్ర మరక ఇంకుతున్నది.
మా తాత యాదికొచ్చిండు,
ముంత ఎత్తేముందు నాలుగు చుక్కలు
నేలకు శాక పోసేటోడు,
ముందుగాల తల్లి తాగాలె అని.

గ్లాసు నేను ముట్టలే.
వంగి ఆ తడిమన్ను చిటికెడు తీసి
ముక్కు కాడ పెట్టుకున్న.
"ఏం వాసనొస్తున్నది?" అన్నది ఆమె,
పెన్ను మూత తీస్తూ.